బిగించమన్న మాట

నౌపడ,
ఆదివారం, మధ్యాహ్నం.

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ చెల్లెలు సుభద్ర నమస్కరించి వ్రాస్తున్నది. నీ క్షేమం అడగక ముందే, నా క్షేమం చెప్పక ముందే ఒక అబద్ధాన్ని సరిదిద్దవలసి వచ్చినందుకు మన్నించు. నేను బండి మీద నుంచి పడలేదు. నాకు కాలు విరగలేదు. సైకిలు దుకాణం ముందు కూర్చొని పదిమందిలో ఏడవలేదు. మా వీధిలో ఉన్న రైల్వే గార్డుగారి భార్య కాకినాడలో పుట్టింటికి వచ్చి, ఈ మూడు మాటలూ మీ ఇంట్లో చెప్పి, కాఫీ త్రాగి వెళ్ళిందని మీ అబ్బాయి ప్రభాకరం ఉత్తరం వల్ల తెలిసింది. ఆమె మంచి మనిషే. చూసినదీ విన్నదీ ఒకటే అనుకుంటుంది, అంతే. దుకాణం ముందు ఒక పూటంతా కూర్చున్న మాట నిజం. నా కళ్ళు నీరు కారిన మాటా నిజమే. ప్రక్కనే ట్యూబులకు అతుకులు వేస్తూ రబ్బరు కాలుస్తున్నారు. ఆ పొగకు ఎవరి కళ్ళయినా అలాగే కారుతాయి.

ఇక నీ మోకాళ్ళ నొప్పి ఏ విధంగా ఉంది? చలికి ఎక్కువవుతుందని తెలిసి కూడా తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుంటున్నావేమో. బావగారి దగ్గు తగ్గిందా? ప్రభాకరం చిన్నకూతురికి ఎక్కాలు ఎంతవరకు వచ్చాయి? ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. ఈ మాట నమ్ము.

చలి ఈ ఏడు గట్టిగా ఉంది. ఇంటి వెనుక అరమైలు నడిస్తే ఉప్పుమళ్ళు. ఆ వైపు నుంచి వచ్చే గాలికి పెదవుల మీద ఉప్పు నిలుస్తుంది. గోడకు కొట్టిన మేకులు, తలుపు గొళ్ళేలు, నా కళ్ళద్దాల చట్రం కూడా తుప్పు పట్టాయి. బియ్యం రేషనులో ఇచ్చినంతే. ఉదయం చోడి అంబలి త్రాగుతున్నాను. మనం రాగులు అనేవాటినే వీళ్ళు చోడ్లు అంటారు. ఇంటి పనికి వచ్చే పైడమ్మ మొదటి రోజున గిన్నె నా ముందు పెట్టి, "తాగీయండమ్మా, మొకం సూడకండి దానిది" అన్నది. ఇప్పుడు అలవాటైంది. బాగుంది కూడా.

పది నెలల క్రితం, ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగం ముగించి ఇంత దూరం వస్తానన్నప్పుడు, ఎవరున్నారని వెళుతున్నావని అడిగావు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఏడుగురున్నారు. అందరూ మెట్రిక్ తప్పి, ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళు. ముగ్గురికి పెళ్ళిళ్ళయ్యాయి. రైలు పట్టాలకు అవతల ఒక ఉప్పు వర్తకుడు వాడకుండా వదిలేసిన గిడ్డంగిలో సాయంకాలం నాలుగు గంటల నుంచి చీకటిపడే వరకు వాళ్ళకు ఇంగ్లీషు, లెక్కలు చెబుతున్నాను. మా ఇల్లు స్టేషను ప్రక్కన, గిడ్డంగేమో రైలు గేటు దాటిన తరువాత. ఆడపిల్లలను ఆ వేళలో స్టేషను మీదుగా పంపడానికి వాళ్ళ ఇళ్ళలో ఒప్పుకోరు. కనుక నేనే వెళ్ళవలసి వచ్చేది. మార్చిలో పరీక్షలు. ఈసారి తప్పితే మరొకసారి కట్టనివ్వమని ఆ ఏడుగురికీ ఇళ్ళలో తేల్చి చెప్పేశారు.

నా మూడు చక్రాల బండి సంగతి నీకు తెలుసు. తొమ్మిదేళ్ళ క్రితం తుంటి విరిగినప్పుడు చంకకర్రలు చూసి నువ్వు ఏడ్చావు; చేతులతో త్రిప్పుకొని పోయే ఆ బండి వచ్చినప్పుడు నేను నవ్వాను. కాకినాడలో ఎనిమిదేళ్ళు చెక్కుచెదరని వెనుక చక్రాలు ఇక్కడి ఉప్పుగాలికి పది నెలలు ఆగలేకపోయాయి. దసరా వెళ్ళాక ఒకనాడు అంచు ముక్క చేతికే ఊడి వచ్చింది. విశాఖపట్నంలోని ఒక కంపెనీకి వ్రాసి, ఊడిన చోట తీగ చుట్టించి నెట్టుకొస్తుంటే, ఏడు వారాలకు రైలు పార్సిలులో రెండు కొత్త చక్రాలు, రెండు టైర్లు వచ్చాయి. నూనె కాగితం విప్పి ఒక చక్రాన్ని ఒడిలో పెట్టుకొని వ్రేలితో త్రిప్పి చూశాను. వెంట్రుకవాసి కూడా ఊగలేదు. పైడమ్మ గుమ్మంలో నిలబడి, "కొత్త బొమ్మొచ్చినట్టు ఆడుకుంతన్నారేటమ్మా!" అని నవ్వింది. నిమ్మకాయ కోసి దిష్టి తీస్తానంటే, ఇనుముకు దిష్టి ఏమిటని నేనే వద్దన్నాను.

స్టేషను బయట సింహాచలం అనే అతని సైకిలు దుకాణం ఉంది. చుట్టుప్రక్కల అదొక్కటే. పార్సిలు రాగానే బండిని అక్కడికి పంపాను. పైడమ్మ తల మీద చక్రాలు, టైర్లు పెట్టి, చేతికి చీటీ ఇచ్చి పంపాను. చాకలిపద్దు వ్రాసినా వాక్యం పూర్తి చేయకుండా ఉండలేనని నువ్వు ఎగతాళి చేసేదానివి గదా. ఈ చీటీ కూడా అలాగే వ్రాశాను. "ఈ నూతన చక్రములు రెండింటికి టైర్లు అమర్చి, గట్టిగా బిగించి, బండితో సహా పంపవలెను." ఆ వాక్యంలో ఇప్పటికీ నాకు వ్యాకరణదోషం కనబడదు.

మూడవనాడు సింహాచలం స్వయంగా బండి నెట్టుకుంటూ వచ్చాడు. ఇనుమంతా నూనె పూసి తుడిచాడు. "అమ్మగోరూ, ఇంక ఏనుగెక్కినా సెక్కు సెదరదు" అన్నాడు. ఆ సాయంకాలమే ఎక్కి బయలుదేరాను. బండి ఒక ప్రక్కకు లాగుతూ, ఊగుతూ పోతున్నది. రోడ్డు గతుకులేమో అనుకున్నాను. సరిగ్గా గేటులో, పట్టాల మధ్యకు చేరేసరికి ఎడమ చక్రం బండి చట్రానికి ఒరుసుకొని బిగుసుకుపోయింది. ముందుకు త్రిప్పినా వెనుకకు త్రిప్పినా కదలలేదు. కంగారు పడకు. రైలు వచ్చే వేళ కాదు. గేటుమాను పరుగెత్తుకొని వచ్చి, "కదలకండమ్మా, ఎత్తీస్తాం" అని, ఉప్పు మోసే ఇద్దరిని కేకవేసి, బండితో పాటు నన్ను ఎత్తి అవతల దించాడు. బస్తాను దించినట్లు దించారు. నేను పడ్డానని చెప్పుకుంటున్నది దీన్నే. పడలేదు. ఎత్తబడ్డాను. అంతవరకే.

మరునాడు ఒంటెద్దు బండి మాట్లాడుకొని, నా బండిని అందులో వేయించి, చంకకర్రలతో దుకాణానికి వెళ్ళాను. చక్రాలు విప్పించి చూస్తే ఒక్కొక్కటి ఎండలో పెట్టిన అప్పడంలాగా వంకర తిరిగి ఉంది. అంచుల మీద నాలుగైదు చోట్ల వ్రేలు పట్టేంత నొక్కులు.

"నాయనా సింహాచలం, ఇవి వచ్చినప్పుడు ఇలా లేవు. ఏమి చేశావు?" అన్నాను.

"నానేటి సేసినానమ్మా? మీరు సెప్పిందే సేసినాను" అన్నాడు.

"నేను ఏమి చెప్పాను?"

అతడు చేతులు తుడుచుకొని, దేవుడి పటం వెనుక నుంచి నా చీటీ తీశాడు. అక్కయ్యా, దానిని పారవేయలేదు. మడత కూడా నలగకుండా దాచాడు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"అమర్చి అంటే ఏటో మాకు తెల్దు. దాన్నొగ్గీసినాను. గట్టిగా బిగించి. ఇది తెలుసును. టైరు ఎక్కించమంటే ఎక్కించీసి ఊరుకుందును. బిగించమన్నారు గదాని పోకులన్నీ బిగించీసినాను. సెయ్యి నొప్పెట్టీదాకా బిగించినానమ్మా! మీది గదా అని ఓ సుట్టు ఎక్కువే బిగించినాను."

చక్రపు ఊచలను వాళ్ళు పోకులంటారు. వాటిని అతిగా బిగిస్తే అంచు ఒక్కొక్కవైపు ఒక్కొక్కలాగా లాగబడి చక్రం మెలి తిరుగుతుందట. టైరు తొడగడాన్ని వాళ్ళు ఎక్కించడం అంటారు. ఆ మాట నాకు తెలియక కాదు. చీటీలో వ్రాయడానికి మోటుగా ఉంటుందని వ్రాయలేదు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు మాటలు నేర్పినదానను.

బెంచీ మీద కూర్చొని చుట్ట కాల్చుకుంటున్న ముసలాయన ఒకడు నా పక్షం వహించబోయి, "మేస్టరమ్మ రాసింది తప్పవుతాదేటిరా? నువ్వే సరీగ సదివుండవు" అన్నాడు.

"సరీగ సదవబట్టే గదా ఇలగయిపోనాది!" అన్నాడు సింహాచలం.

అందరూ నవ్వారు. మరొకప్పుడైతే నేనూ నవ్వేదాన్ని.

"సరే, మెలి నా మాట వల్ల వచ్చింది. మరి ఈ నొక్కులు? ఇవి కూడా నేను వ్రాశానా?" అన్నాను.

"టైరు కొత్తది గదమ్మా, బిర్రుగున్నాది. ఇనపకడ్డీ ఎట్టి తన్నకపోతే ఎక్కదు."

"ఎక్కకపోతే నాకు కబురు చేయాలి. తంతావా?"

అతడు తల గోక్కున్నాడు. అప్పుడు, ఎంతో గౌరవంగా, "ఇంటికాడ మగోలు ఎవులూ నేరేటమ్మా? ఆలొస్తే మాటాడుకుందుం" అన్నాడు.

"బండి నాది. చక్రాలు నావి. చీటీలో చేతివ్రాత నాది. మాట్లాడడానికి వేరెవరు ఎందుకు?"

"అది గాదమ్మా. మగోడైతే ఆడో మాటంటాడు, నానో మాటంతాను, కలబడతాం, తేలిపోతాది. మీమీద మాకు నోరు లెగదు. మీతోటేటి సేస్తాం సెప్పండి?"

అని, నాకు గోలీసోడా కొట్టి ఇచ్చాడు. ఎండ నా మీద పడుతున్నదని గోనెసంచి తెచ్చి కట్టాడు. తప్పు ఒప్పుకోమంటే ఒప్పుకోడు, పోట్లాడదామంటే పోట్లాటకు రాడు. గౌరవిస్తాడు.

బెండు తీస్తానన్నాడు, వంకర సరిచేయడాన్ని అలా అంటారు. ఆ పూటంతా అందుకే కూర్చున్నాను. ఒక ఊచ వదులు చేస్తే వంకర ఆ ప్రక్కకు పోతుంది, మరొకటి బిగిస్తే ఈ ప్రక్కకు వస్తుంది. మధ్యాహ్నానికి మూడు ఊచలు తెగాయి. చివరకు చక్రాన్ని నేల మీద పరచి కర్రసుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి దెబ్బకూ నా వైపు చూసి, "ఒచ్చీస్తాది, ఒచ్చీస్తాది" అన్నాడు. సాయంకాలానికి సుత్తి క్రింద పెట్టి, "ఇంక నా సేతిల నేదమ్మా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం చూశాను. అతను మోసగాడు కాడు. మోసగాడైతే నాకు కొంత తేలికగా ఉండేది.

కంపెనీకి వ్రాశాను. ఒకసారి టైరు తొడిగిన చక్రానికి తమకు బాధ్యత లేదని, ఆ కొలత చక్రాలు ఇప్పుడు తయారీలో లేవని అచ్చువేసిన కార్డు వచ్చింది. గిడ్డంగి ఇచ్చిన వర్తకుడు సంగతి విని, సింహాచలం దుకాణం ఉన్న స్థలం తనదేనని, ఒక్క మాట చెబితే వాణ్ణి లేవగొట్టిస్తానని అన్నాడు. వద్దన్నాను. నేను వ్రాసిన వాక్యానికి అతని కుటుంబం వీధిన పడడమా? ఈ పని కోరితే క్షణంలో చేసిపెడతారు. నేను కోరుతున్న రెండు చక్రాలను మాత్రం ఎవరూ తిన్నగా చేయలేరు.

ఇంతలో పన్నెండు రోజులు పాఠాలు ఆగిపోయాయి. ఏడుగురిలో తవిటమ్మ అనే ఆమె, ఇరవయ్యేళ్ళ ఇల్లాలు, భర్త రైల్వేలో కూలీ, మధ్యాహ్నం వేళ పైడమ్మతో కలిసి వచ్చి గడపలో కూర్చుంది.

"మీరు రాపోతే మేం మల్లీ పరీచ్చ పోతామండి. మా ఆయన అప్పుడే నవ్వుతన్నాడు. పుస్తకాలు పొయ్యిల ఎట్టీసుకోమంతన్నాడు."

"నేను ఎలా రానమ్మా? ఒంటెద్దు బండికి రోజూ కిరాయి ఇచ్చుకోలేను గదా."

"మీరు ఊ అనండి. కుర్సీకి వాసాలు కట్టి మోసీడానికి మా ఆయన, ఆల తమ్ముడు, ఇంకిద్దరు ఉన్నారు. రోజూ మోస్తారు. పున్నెమే గదా."

ఒకనాడు ఊ అన్నాను. నలుగురు నా కుర్చీని భుజాల మీదకు ఎత్తారు. బజారులో జనం అరుగుల మీదకు వచ్చి నిలబడ్డారు. ఒక ముసలమ్మ చేతులు జోడించింది. దేవతననుకున్నదో శవమనుకున్నదో నాకు తెలియదు. గిడ్డంగిలో దించిన తరువాత ఆ రోజు భిన్నాలు చెప్పవలసి ఉంది. నన్ను మోసిన నలుగురూ తిరిగి మోసుకుపోవడానికి బయట కూర్చొని ఉన్నారు. వాళ్ళ పని ఎంతసేపు ఆగిపోతున్నదా, నేను ఎప్పుడు ముగిస్తానా అన్న లెక్క తప్ప నాకు వేరే లెక్క తోచలేదు. మరునాడు వద్దన్నాను. "ఏటమ్మా, మేం సరీగ మొయ్యనేదా?" అని తవిటమ్మ భర్త నొచ్చుకున్నాడు.

అక్కయ్యా, పదిమందిలో ఏడవలేదని పైన వ్రాసినది అక్షరాలా నిజం. కుర్చీ దిగి ఇంట్లోకి వచ్చి, తలుపు వేసుకున్న తరువాతి సంగతి గార్డుగారి భార్యకు తెలియదు కనుక ఆమె చెప్పలేదు. నీకు తెలియాలి కనుక నేను చెబుతున్నాను. అది పొగ కాదు. పైడమ్మ తలుపు అవతల నుంచి, "నిమ్మకాయ కొయ్యనిచ్చుంటే ఇంతౌనేటి?" అని సణుగుతూనే ఉంది. ఆ సణుగుడు ఆగితే బాగుండుననీ, ఆగకపోతే బాగుండుననీ రెండూ అనిపించాయి. ఇప్పుడు క్షేమంగానే ఉన్నాను.

బండి సింహాచలం దుకాణంలోనే ఉంది. ఈసారి మాట పొదుపుగా వాడదామని, "బండి ఉంచు" అని రెండే మాటలు వ్రాసి పంపాను. పైడమ్మ చేత తిరుగు కబురు వచ్చింది: "ఉంచమంటే దాయమనా, వాడుకోమనా?" ఇంతవరకు జవాబు పంపలేదు. ఏ మాట వ్రాయాలో తోచడం లేదు.

చిన్న కోరికలు రెండు. నా పాత లాగరిథం పట్టికల పుస్తకం మేడ మీద ఇనుప పెట్టెలో ఉంటుంది. అది, ఒక సీసాడు మాగాయ పంపితే చాలు. శాలువా పంపవద్దు, ఉన్నది. బావగారికి నా నమస్కారాలు. ప్రభాకరానికి, కోడలికి, పిల్లలకు నా ఆశీస్సులు. వీధి చివర సూర్యకాంతమ్మగారికి నేను బ్రతికే ఉన్నానని, తిన్నగానే ఉన్నానని నా మాటగా చెప్పు.

వచ్చే ఆదివారం కారు తీసుకొని వస్తానని, పిన్నిని ఇక అక్కడ ఉంచనని ప్రభాకరం వ్రాశాడు. క్రింది గది నాకు సిద్ధం చేయించానని, మెట్లు ఎక్కవలసిన పని ఉండదని నువ్వు చివర నాలుగు పంక్తులు వ్రాశావు. ఆ నాలుగు పంక్తులూ చాలాసార్లు చదివాను. నీ దగ్గర నాకు ఏ లోటూ ఉండదు. వాడు నన్ను ఎత్తి కారులో కూర్చోబెడతాడు, అక్కడ ఎత్తి దించుతాడు. ప్రేమగానే దించుతాడు. వాణ్ణి రావద్దని చెప్పు. చూసి పోవడానికైతే ఎప్పుడైనా రావచ్చును.

నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని అడగలేదు. మొన్న గురువారం స్టేషను ప్రక్క ఇల్లు ఖాళీ చేశాను. గిడ్డంగి వెనుక బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా ఉండే గది ఒకటి ఉంది, అందులోకి మారాను. కిటికీ ఒక్కటే, అది ఉప్పుమళ్ళ వైపు. మంచం నుంచి నల్లబల్ల వరకు చంకకర్రలతో పదిహేడు అడుగులు. ఆ పదిహేడు అడుగులూ నేనే నడుస్తున్నాను. శుక్రవారం నుంచి పాఠాలు మొదలయ్యాయి, ఏడుగురూ వచ్చారు. ఇక స్టేషను, బజారు, రోడ్డు, గేటు నాకు లేవు. పోస్టు డబ్బా గేటుకు అవతల ఉంది కనుక ఈ ఉత్తరాన్ని మొదటిసారిగా నా చేతితో వేయడం లేదు, పైడమ్మ వేస్తుంది. మార్చి వరకు ఇక్కడే ఉంటాను. ఆ తరువాత కూడా ఇక్కడే.

నీ ఆశీస్సు కోరుకొనే చెల్లెలు,
సుభద్ర